మా ఇంటి పలుపు

మా అత్తవారి ఊరు కోటబొమ్మాళికి దగ్గర. అరవైల చివర్లో నేనక్కడికి కోడలిగా వెళ్ళేసరికి ఆ ఊళ్ళో పాతకం అన్న మాట ఉప్పుకన్నా చవగ్గా దొరికేది. పాలు పొంగిపోతే పాతకం. సందెదీపం ఆలస్యమైతే పాతకం. నేను కాస్త గట్టిగా నవ్వితే మా అత్తగారు "ఏ పాతకం సేసుకున్నానో, ఇలాటిది దాపురించినాది" అనేవారు. ఖూనీ అన్న మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. అది ఎక్కడో పై ఊళ్ళలో ముతక మనుషులు చేసే పనట.

మా మామగారు ఊరిపెద్ద. ఏది పాతకమో, ఏది కాదో తేల్చేది ఆయనే. అంతటి ధర్మప్రభువు ఒక వేసవిలో మా పాలేరుని పశువులశాలలో రాటకి కట్టేశారు. పశువులు చెరుకుతోటలో పడి మేస్తుంటే వాడు కునుకు తీశాడట. పెళ్ళికెదిగిన మనిషిని పశువుల్ని కట్టే పలుపుతో కొట్టి, అదే పలుపుతో కట్టి, నీళ్ళివ్వొద్దని చెప్పి ఆయన భోజనానికి కూర్చున్నారు. పొద్దువాలేసరికి వాడు చచ్చిపోయాడు. నేనప్పుడు పుట్టింట్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి రాట శుభ్రంగా కడిగి ఉంది. పోలీసులొచ్చి మా కోడికూర మెచ్చుకుని, వడదెబ్బ అని తేల్చి వెళ్ళారట. ఊరైతే ఇంకా మర్యాదగా మాట్లాడింది.

"సెయ్యి జారిపోనాది. బాబు కావాలని సేస్తారేటి?"

చచ్చినవాడి తల్లి విధవ, మా పొలాల్లోనే కూలికి వచ్చేది. మామగారు పెద్దమనసు చేసుకుని ఆమెకొక ఆవునిచ్చారు. వట్టిపోవడానికి సిద్ధంగా ఉన్న ముసలి ఆవు. పలుపుతో సహా ఇచ్చారు. ఆయన దానగుణాన్ని ఊరు నాట్లరోజుల దాకా చెప్పుకుంది.

నాట్లప్పుడు ఆమె మా మళ్ళల్లో వంగి ఉండగా, ఇంటి దగ్గర ఆవు గుంజ చుట్టూ తిరిగి తిరిగి, పలుపు మెడకి బిగిసి చచ్చింది. కట్టుమీద ఆవు చస్తే మహాపాతకమే. దానికి ఒడియా వాళ్ళ వైపు నుంచి మా పక్కకి పాకిన ఆచారం ఒకటుంది. ఆవు తాలూకు మనిషి ఆ పలుపే మెడకి వేసుకుని ఇంటింటా అడుక్కోవాలి. మాట్లాడకూడదు, ఆవులా అంబా అనాలి. వచ్చిన బియ్యంతో పెద్దలకు భోజనం పెట్టాలి. తిండి దగ్గర మాత్రం మా పెద్దల ధర్మం ఏనాడూ తప్పలేదు. కాదంటే ఆమెకు నూతి నీళ్ళుండవు, ఎవరి మడిలోనూ పనుండదు.

"మీరు సెప్పినట్టే సేస్తాను బాబూ" అంది.

మర్నాడు పొద్దున్న మెడలో పలుపుతో మా గుమ్మానికి వచ్చింది. నేను చాటలో బియ్యం పట్టుకుని నిలబడ్డాను. మామగారు అరుగుమీద కాళ్ళు జాపుకుని చుట్ట కాలుస్తున్నారు. చుట్టూ నలుగురు పెద్దమనుషులు, వేడుక చూడ్డానికి. వాళ్ళ మొహాలు తలుచుకుంటే నాకిప్పటికీ అసహ్యమే.

ఆమె అంబా అనలేదు.

"ఏటే, అరవ్వేటే?" అన్నారు మామగారు.

ఆమె మెడలోంచి పలుపు తీసి చేత్తో పట్టుకుంది.

"బాబూ, ఆవు సచ్చిపోతే నా మెడకి పలుపెయ్యమన్నారు. ఏసుకున్నాను. ఊరంతా తిరిగినాను. నా కొడుకుని దీంతోనే కట్టీసినారు. ఆడూ సచ్చిపోనాడు. మరి ఇది ఎవులి మెడకి?"

పలుపుని ఆయన కాళ్ళ మధ్య పెట్టింది. పెద్దమనుషులు ఒక్కసారిగా లేచారు. నోరు విప్పినాది, వ్రతం సెడిపోనాది, పాతకం, మహాపాతకం అని గోల పెట్టారు. ఆమె జోలెలో బియ్యం మా వాకిట్లో కుమ్మరించి, రైలు స్టేషను వైపు నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఊళ్ళో కనిపించలేదు.

మామగారు కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారు.

"ఎవడ్రా అక్కడ? దీన్ని తీసీండ్రా!"

పాలేర్లందరూ శాల దగ్గరే ఉన్నారు, ఆ కేక విన్నారు. ఒక్కడూ కదల్లేదు.