బావ వచ్చాడని నాకు 'తెలిసిన' సాయంత్రం

కొత్తగా ఏదైనా నేర్చుకున్నవాళ్లను ఇంట్లో భరించడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుసు కానీ, ఆ వయసులో చెప్పినా వినేదాన్ని కాను. హైదరాబాదు కాలేజీలో తత్వశాస్త్రం మొదటి ఏడు చదివి, ఎండాకాలం సెలవులకు వికారాబాదు వచ్చాను. రుజువు లేనిదేదీ నమ్మకూడదన్న ఒక్క ముక్క పట్టుకొచ్చి ఇల్లు పీకి పందిరి వేశాను. నాన్న వాన వచ్చేట్టుందంటే ఎట్లా తెలుసనేదాన్ని. పప్పులో ఉప్పు వేశానని అమ్మ అంటే, వేశానని నమ్ముతున్నావా, నీకు తెలుసా అని నిలదీసేదాన్ని. (ఆ పూట పప్పు నిజంగానే చప్పగా ఉంది. దాంతో నన్ను పట్టేవాళ్లు లేకపోయారు.)

అక్క ఒక్కతే నామీద విసుక్కునేది కాదు. అసలు వినేదే కాదు. తాండూరులో నాపరాళ్ల గని దగ్గర పనిచేసే బావతో, సినిమాకు తీసుకుపోతానని తీసుకుపోని దగ్గర మాటామాటా పెరిగి, పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. నెల దాటినా ఆయన రాలేదు, ఈమె వెళ్లలేదు. అల్లుడు వస్తాడులే అని అమ్మ అన్నప్పుడల్లా అక్క తలవంచుకుని బియ్యం ఏరేది. అప్పుడు మాత్రం ఎట్లా తెలుసని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒక సాయంత్రం స్నేహితురాలిని బండెక్కించడానికి స్టేషనుకు వెళ్లాను. తాండూరు ప్యాసింజరు దిగిన గుంపులో వెనకనుంచి ఇటుకరంగు కోటు, కొంచెం ఎడమకు ఒరిగే నడక కనిపించాయి. బావే. (అంత ఎండల్లో కోటు వేసుకునే మనిషి ఈ చుట్టుపక్కల ఆయనొక్కడేనని మా ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లం.) పలకరిస్తే సిగ్గుపడి వెనక్కి పోతాడేమోనని అడ్డదారిన ఇంటికి పరుగెత్తాను.

"అక్కా, బావొచ్చిండే. కండ్లార సూసిన."

నిజమా అని కూడా అడగలేదు అక్క. మొహం కడుక్కుని, పొయ్యి రాజేసి, జొన్నపిండి కలిపింది. నాన్న అంగీ మార్చుకున్నాడు. అందరం వాకిట్లో నిలబడి చూస్తుండగా కోటు మలుపు తిరిగి దగ్గరికొచ్చింది. అందులో ఉన్నది ఎవరో ధాన్యం దళారి. తనకోసమే ఇంతమంది నిలబడ్డామనుకుని, కంగారుగా నమస్కారం పెట్టి మరీ వెళ్లిపోయాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్క లోపలికి పోయి రొట్టెలు తట్టడం మొదలుపెట్టింది. ఇంకెందుకక్కా అన్నాను, ఏడుపు గొంతుతో. రాకుంటే మనమే తింటాం కదా అంది, వెనక్కి తిరగకుండానే.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో దగ్గు వినిపించింది. బావ. కోటు లేదు (ఎండకు తాళలేక ఆ ఏడే మానేశాడట). అదే బండిలో చివరి డబ్బాలో వచ్చి, మా గడప తొక్కే ధైర్యం చాలక, స్టేషను బయట హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చున్నాడట. నాకు ప్రాణం లేచొచ్చింది. బావొచ్చాడని నేను ముందే చెప్పలేదా అంటూ అక్క వెంటపడ్డాను.

"నువ్వు జెప్పింది నిజమే అయింది గని, నీకు తెల్వది పో," అంది అక్క, బావ పళ్లెంలో రొట్టె వేస్తూ. ఇన్నాళ్లకు ఆమె నవ్వింది. బావ తలెత్తకుండా తిన్నాడు.

గిన్నెలు కడిగేటప్పుడు మెల్లగా అడిగాను, ఆ దళారి పోయాక కూడా బావ వస్తాడని నీకు తెలుసా అని.

"తెల్వది. వస్తే ఆకలితోని వస్తడని తెల్సు."

తరువాత ఏళ్ల తరబడి పిల్లలకు ఇదే పాఠం చెప్పాను, నమ్మింది నిజమైనంత మాత్రాన తెలిసినట్టేనా అని. దళారి సంగతి చెబితే క్లాసంతా నవ్వేది. అక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, దాన్ని ఏ అధ్యాయంలో పెట్టాలో నాకే తేలలేదు. అన్నిటికీ రుజువులడిగి, చివరికి ఒక వీపును చూసి ఊరంతా పరుగెత్తిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు. ముద్దొస్తుంది.