ఆవు వీపు మీద నారు

మా ఆయన పోయాక ఊళ్లో ఆడవాళ్లు నాకు ఒక పేరు పెట్టారు, ఏడవని మనిషి అని. వెనకాల అనుకుని ఊరుకోలేదు, నాకు వినపడేట్టే అనేవాళ్లు. కోపం రావాలి కదా, అదీ రాలేదు. ఆయన మదనపల్లె ఆసుపత్రిలో గుండెపోటుతో పోయారు. పెట్టమన్నచోట సంతకాలు పెట్టాను. పుంగనూరు అవతల ఉన్న అత్తగారి ఊరికి తీసుకొచ్చి, మా చేని గట్టునే పూడ్చాం. సెలవు అయిపోగానే మళ్లీ మదనపల్లెలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. కూరలో ఉప్పు వేశానో లేదో తిన్నాక కూడా తెలిసేది కాదు.

మా అత్త అలా కాదు. గొంతు పోయేదాకా ఏడ్చి మంచం పట్టింది. తిండి లేదు, మాట లేదు. ఆమె మంచం దిగేది ఒక్క ఆవు కోసమే. కొడుకు ఏరికోరి కొనిచ్చిన ఆవది. పుంగనూరు ఆవు అనగానే అందరూ మోకాలెత్తు బొమ్మలాంటి ఆవును అనుకుంటారు. మాది పుంగనూరు పక్కన ఉండే మామూలు జెర్సీ క్రాసు, కొమ్ములు కూడా సరిగ్గా లేవు. అయినా పొద్దున అది అరిస్తే అత్త లేచేది, దానికి గడ్డి వేసి, ఆ ఊపులో తనూ రెండు ముద్దలు తినేది. ఆ ఆవుకు ఏమైనా అయితే ఈమె ఇక లేవదని నాకు తెలుసు. తెలిసి కూడా లోపల దడ పుట్టలేదు, అది వేరే సంగతి.

ఊరి ముందు రోడ్డు వేస్తున్నప్పుడు తారు డ్రమ్ము ఒరిగి, పక్కనే కట్టేసి ఉన్న ఆవు వీపు మీద కాగే తారు పడింది. సాయానికి వచ్చినవాళ్లు ఊరికే ఉండొచ్చు కదా, కిరసనాయిలు పోసి గుడ్డతో రుద్దారు. తారుతో పాటు తోలు కూడా వచ్చేసింది. మా దగ్గరి పశువుల డాక్టరు పాపం చాలా రోజులు వచ్చి కడిగి మందులు వేశారు. చీము పోయి పుండు ఎర్రగా, శుభ్రంగా అయింది కానీ మూసుకోలేదు. దుప్పటి పరిచినంత పుండు మూసుకోవడం అంటే మాటలా? కోతకు కొనే బేరగాళ్లు అప్పుడే గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. వాళ్లు వచ్చిన రోజు అత్త ముద్ద ముట్టలేదు.

కుప్పంలో ఒక డాక్టరు పశువులకు తోలు అతికిస్తున్నాడని ఆ పశువుల డాక్టరే చెప్పారు. ట్రాలీ ఆటో మాట్లాడి, పలమనేరు మీదుగా ఆవును తీసుకుపోయాం. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. అత్త వెనకాల ఆవు పక్కనే నిలబడి, దారి పొడుగునా పాత చీరతో ఈగలు తోలుతూ వచ్చింది. పలమనేరులో టీ తాగుదువు దిగమంటే, నువ్వు తాగిరాపో అంది.

కుప్పం డాక్టరు కుర్రాడే, ఓపిక ఉన్నవాడు. పుండు చూసి, దీనికి మూలకణాల చికిత్స చేసి చూద్దామన్నాడు.

"మూలశంకా? దీనికి యాడుండాది డాక్టరప్పా మూలశంక? కాలింది వీపు గదా!" అంది మా అత్త.

డాక్టరు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. తర్వాత ఇంకోలా చెప్పాడు. "సరే అవ్వా. మీరు టమాటా పెడతారు కదా?"

"పెట్టక? మదనపల్లె మార్కెట్టుకు పోయేదంతా మా పక్కదే."

"ఇది కూడా నారు మాదిరే అనుకోండి. దీని తోక మొదట్లోంచి కాస్త కొవ్వు తీస్తాం. అందులో కొన్ని కణాలు ఉంటాయి, ఇంకా ఏ పనికీ కుదురుకోని పిల్ల కణాలు. నర్సరీలో నారు పెంచినట్టు వాటిని ల్యాబులో పెంచుతాం. తర్వాత మెడ దగ్గర మంచి తోలు చిన్న చిన్న బిళ్లలుగా తీసి, ఈ పుండులో గుంతలు చేసి వరసగా నాటుతాం. ఆ కణాలను సూదితో చుట్టూ ఎక్కిస్తాం. నాటిన తోలు తొందరగా పట్టుకోవడానికి అవి సాయం చేస్తాయి."

"అట్ల సెప్పు మరి!" అంది అత్త. నెలల తర్వాత ఆ గొంతులో కాస్త జీవం వినపడింది.

డాక్టరు నా వైపు తిరిగి, ఇది ఇంకా పరీక్షల్లో ఉన్న వైద్యమేననీ, పట్టుకుంటుందని హామీ ఇవ్వలేననీ చెప్పాడు. నేను తల ఊపాను. ఎవరేం చెప్పినా తల ఊపడం అప్పటికి నాకు బాగా అలవాటైపోయింది.

కొవ్వు తీయించుకుని వచ్చాం. కణాలు సిద్ధమయ్యాయని ఫోను వచ్చాక మళ్లీ కుప్పం పోయాం. నాటుతుంటే పక్కనే నిలబడి చూశాను. మత్తు ఇచ్చిన వీపులో డాక్టరు చిన్న గుంత చేస్తాడు, వేలి గోరంత తోలుబిళ్ల అందులో దింపుతాడు, మళ్లీ ఇంకో గుంత. ఆవు మాత్రం నింపాదిగా నెమరు వేసుకుంటోంది. నాకూ ఇదే మత్తు ఎవరో ఇచ్చి పోయారు, అది దిగడం మర్చిపోయింది అనుకున్నాను. కట్టు కట్టి, నేను వచ్చి విప్పేదాకా దీన్ని విప్పొద్దు, తాకొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అత్త బుద్ధిగా తల ఊపింది.

ఆ రోజు నుంచి ఆమె మనిషైంది. పొద్దున్నే లేచేది, సంగటి కెలికేది, నాకు ఫోను చేసి వివరం చెప్పేది. "నారు నిలదొక్కుకున్నెట్టే ఉండాదిమే," అనేది. కట్టు కింద ఉన్నది ఈమెకు ఎలా కనపడిందో అనుకుని, ఊఁ కొట్టి పెట్టేసేదాన్ని.

కట్టు విప్పే రోజు డాక్టరే మా ఊరికి వచ్చాడు. నేనూ సెలవు పెట్టి మదనపల్లె నుంచి బస్సులో వచ్చాను. కొట్టంలో కట్టు సగం విప్పేసరికి వాసన కొట్టింది. డాక్టరు మొహం మాడిపోయింది.

"లోపలంతా తడి! ఎవరు తడిపారు దీన్ని?"

అత్త నేల చూపులు చూసింది. ఆ మొహం చూడగానే నాకు అర్థమైపోయింది.

"వాన జల్లు కొట్టింది సార్," అన్నాను. ఆ నెలంతా మా పక్క చినుకు పడలేదు.

డాక్టరు నా మాట నమ్మలేదు. వంగి ఒక్కొక్క బిళ్లనూ చూసుకుంటూ పోయాడు. కింది వరసలన్నీ కుళ్లిపోయాయి. పై వరసలు మాత్రం పట్టుకున్నాయి. బిళ్ల చుట్టూ లేత గులాబీ రంగు తోలు పుండులోకి పాకుతోంది. "ఆవుకు భయం లేదు, బతుకుతుంది," అన్నాడు. "కింది భాగం మళ్లీ నాటుదాం. పెంచిన కణాలు కొన్ని దాచిపెట్టాను. ఈసారి మాత్రం వాన పడకుండా చూడండమ్మా," అని నా వైపు ఒక చూపు చూసి, శుభ్రం చేసి పొడి కట్టు కట్టి వెళ్లిపోయాడు.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో నేను అత్త మీద పడ్డాను. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. "మతి ఉండే చేసినావా అత్తా? తాకొద్దని ఆయన నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పలేదా? కొంచెం ఉంటే చంపుకునేదానివి కదా ఆవును!"

"నేను తాకలేదే! కట్టు ఇప్పలేదే!" అంది అత్త. "సందేళ పూట ఒక్క చెంబు, పైనుంచి పోస్తి, అంతే. నారు నాటినాంక నీళ్లు పొయ్యకుండా యాడన్నా ఉంటారా?"

"అది నిజం నారా అత్తా?"

ఆమె చేని గట్టు వైపు చూస్తూ అంది. "మనోడి గుంత మీద మూడోనాడు పాలు పోస్తిమి. లేసి వస్తాడని పోస్తిమా? రాడని తెలిసే పోస్తిమి. ఇదైతే మొలుస్తాదని ఆ డాక్టరప్ప నోటితో సెప్పినాడు. మొలిసేదానికి నీళ్లు పొయ్యకుండా నేనెట్ల పండుకునేది సెప్పుమే?"

నేను పోయి ఆవు మెడ పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆసుపత్రిలో రాలేదు, గట్టు మీద రాలేదు, ఇప్పుడు ఆ కొట్టంలో, ఆవు మీద పడి వెక్కివెక్కి ఏడ్చాను. నాకు మా ఆయన కావాలి. ఆ మాట పైకే అన్నాను, ఎన్నిసార్లు అన్నానో తెలియదు.

అత్త నన్ను ఓదార్చలేదు. భుజం పట్టి ఒక్క లాగు లాగింది.

"దాని మీద పడి ఏడవొద్దు, కట్టు తడుస్తాది. ఇట్ల నా పక్కకు రా."

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.