దీపం ఆరని బావి

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఎండాకాలంలో, తిరుపతిలోని నేరపరిశోధన ప్రయోగశాలకు విషపరీక్షల విభాగం అధికారిగా బదిలీ అయ్యాను. అనుమానాస్పద మరణాల్లో శవపరీక్ష చేసిన వైద్యులు పంపే రక్తాన్ని, కడుపులోని పదార్థాలను పరీక్షించి, విషం ఉందో లేదో రాసివ్వడం మా పని. ఎవరు పెట్టారన్నది పోలీసులు తేల్చుకోవాలి.

నేను చేరిన కొద్దిరోజులకే ఐరాల వైపు పల్లె నుంచి ఒక కేసు వచ్చింది. ధనంజయ అనే యువరైతు పూడిక తీయడానికి బావిలోకి దిగి, కాసేపటికే కూలిపోయి చనిపోయాడు. దిగేముందు అతను తిన్న సంగటి, పులుసు తెచ్చినవాడు చిన్నాన్న కొడుకు గురవయ్య. ఆ బావిలో వాటా గురించి రెండు కుటుంబాలకూ తగాదా ఉంది. కూటిలో మందు కలిపాడని ధనంజయ తండ్రి మునస్వామినాయుడు ఫిర్యాదు చేశాడు. నడుముకు తాడు కట్టుకుని దిగి, రెండు నిమిషాల్లోనే శవాన్ని పైకి తెచ్చింది గురవయ్యే అయినా, పోలీసులు అతన్నే అదుపులోకి తీసుకున్నారు.

పురుగుమందులతో మొదలుపెట్టి మామూలుగా చేసే పరీక్షలన్నీ చేశాం. ఏదీ బయటపడలేదు. ‘విషం లేదు’ అని సంతకం పెట్టి పంపవచ్చు. కానీ అంతటితో ఊళ్లో అనుమానం తీరదు. దొరకని మందేదో పెట్టాడంటారు. శవపరీక్ష నివేదిక మళ్లీ చదివాను. చనిపోయాక రక్తం దిగి చర్మంపై ఏర్పడే మచ్చలు మామూలుగా ఊదారంగులో ఉంటాయి. ఇతనికి మంచి ఎరుపులో ఉన్నాయని వైద్యుడు రాశాడు.

రక్తాన్ని నీటితో పలచన చేసి, కొద్దిగా క్షారం కలిపాను. మామూలు రక్తం వెంటనే గోధుమరంగుకు తిరుగుతుంది. ఇది ఎర్రగానే నిలిచింది. యంత్రంతో చేసిన కొలత కూడా అదే చెప్పింది: కార్బన్ మోనాక్సైడ్.

ఆ వాయువు బావిలోకి ఎలా వచ్చిందో తెలియాలి. ఇన్‌స్పెక్టరుతో కలిసి ఆ ఊరికి వెళ్లాను. మునస్వామినాయుడు బావి గట్టునే కూర్చుని ఉన్నాడు.

“దీపం దించి సూసినామమ్మా. ఆరిపోలేదు. గాలి బాగానే ఉండాదని కదా పిల్లోణ్ణి దిగనిచ్చినాను” అన్నాడు.

నీళ్లు ఎలా తోడారని అడిగాను. నీళ్లు మరీ అడుగున ఉండటంతో పైనుంచి లాగలేక, పెట్రోలు ఇంజనును బావిలోపలి మెట్టు మీదికి దించారట. నీళ్లు అయిపోయాక ఆపేశారు. శవాన్ని తీశాక ఇంజనునూ పైకి లాగేశారు. పోలీసులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆగిపోయిన ఇంజను మనిషిని చంపుతుందని ఎవరూ అనుకోలేదు.

ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను. పాతబావుల్లో దీపాన్ని ఆర్పే గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్‌లో, ఒక్కో కార్బన్ పరమాణువుకు రెండు పక్కలా ఆక్సిజన్ ఉంటుంది. ఇంజను ఆపాక కూడా బావిలో నిలిచిపోయిన పొగలోని ఈ గాలిలో ఒకపక్కే ఉంటుంది. రెండోపక్క కార్బన్ దగ్గర ఒక జత ఎలక్ట్రాన్లు మిగిలి ఉంటాయి. వాటితో అది రక్తంలోని ఇనుమును పట్టుకుంటుంది. ఆ ఇనుము ప్రాణవాయువును వదులుగా పట్టుకుని, ఒళ్లంతా తిప్పి వదిలిపెట్టాలి. ఈ వాయువు పట్టు దానికన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిది, సులభంగా వదలదు. దీపానికి రక్తం లేదు కాబట్టి అది వెలుగుతూనే ఉంటుంది.

ఎంతవరకు అర్థమైందో తెలియదు. ఆయన బావిలోపలి మెట్టు వైపు వంగి చూశాడు. తర్వాత, “ఇంజను లోపలికి దించమనింది నేనే కదమ్మా” అన్నాడు. లేచి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, “గురవయ్యను ఇడ్సిపెట్టండి సారూ. టేసన్‌కాడికి నేనే వస్తాను, ఇంటికి పిల్సుకొస్తాను” అన్నాడు.

నా నివేదిక అందాక కేసు మూసేశారు.

ఆ తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి పెట్టాను. ‘విషం లేదు’ అని రాసే ప్రతి నివేదికలోనూ ఏయే విషాల కోసం వెతికామో కూడా రాయాలి. వెతకనిదాని గురించి ఏ పరీక్షా ఏమీ చెప్పజాలదు.