ఆయిల్‌మ్యాన్ కారు ఫిట్‌నెస్‌కు వచ్చిన రోజు

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను నిజామాబాద్ రవాణా కార్యాలయానికి బదిలీ చేశారు. హోదా మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్. కాగితాల మీద ఎం.వి.ఐ., జనం నోట బ్రేక్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు చెప్పబోయేది అక్కడ చేరిన మొదటి ఏడు, దసరా దాటిన వారంలో జరిగింది.

కిరాయికి తిరిగే కారు, అంటే పసుపు నంబరు ప్లేటు ఉన్నది, పాతబడ్డాక ఏటా మా ముందుకు రావాలి. మేము పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తేనే రోడ్డెక్కాలి. గడువు దాటితే చట్టం దృష్టిలో అది రిజిస్ట్రేషన్ లేని బండి. ప్రమాదం జరిగితే బీమావాళ్లు కూడా మొహం చాటేస్తారు. అందుకే పరీక్ష రోజు బండ్లన్నీ పెళ్లిచూపులకు వచ్చినట్టు ముస్తాబై వస్తాయి. కొందరు ఆ పూటకు తెలిసినవాళ్ల కొత్త టైర్లు తొడిగి తెచ్చి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తారు. వాళ్లను చూస్తే నాకు కోపం కంటే నవ్వే ఎక్కువ వచ్చేది. కారేమో ముసలిది, టైర్లేమో నిన్న పుట్టినవి.

ఆ ఉదయం బోధన్ వైపు నుంచి వచ్చిన తెల్ల డీజిల్ కారు అలాంటిది కాదు. టైర్లు దానివే, అరుగుదల పరిమితిలోనే ఉంది. కానీ వంగి కింద చూస్తే ఆశ్చర్యం వేసింది. అన్నేళ్లు తిరిగిన బండికి అడుగున తుప్పు మచ్చ లేదు, మట్టి చుక్క లేదు, నూనె పూతతో నల్లగా నిగనిగలాడుతోంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవడం మా పద్ధతి. ఆ చోట కూడా నూనె ఉండటంతో కాగితం తడిసిపోయి అచ్చు పడలేదు. గుడ్డతో రెండు మూడుసార్లు తుడిపించాల్సి వచ్చింది.

యజమాని, డ్రైవరు ఒకరే. పేరు గంగారాం, యాభై దాటిన మనిషి. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో ఆయిల్‌మ్యాన్‌గా పనిచేసి, అది మూతపడ్డాక ఈ కారు కొనుక్కున్నాడు. చెరకు ఆడించే క్రషింగ్ సీజనులో తిరిగే గొలుసులకూ బేరింగులకూ నూనె అందేలా చూడటమే ఆయిల్‌మ్యాన్ పని. అధికారుల ముందు తమ్ముడికి నోరు పెగలదని వాళ్ల అక్క లింగవ్వ కూడా వెంట వచ్చింది. ఆమె కిడ్నీ రోగి. ఆమెనూ, కాలువ కింది ఊళ్ల నుంచి మరో ఇద్దరినీ రోజు విడిచి రోజు నిజామాబాద్‌కు డయాలిసిస్‌కు తీసుకొచ్చేది ఈ కారే. పాత సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో ముగుస్తుంది. మర్నాడు డయాలిసిస్ రోజు.

లైట్లు, హారను, వైపర్లు, స్టీరింగ్, మంటలార్పే సిలిండరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది బ్రేకు. ఇన్‌స్పెక్టర్ డ్రైవరు పక్కన కూర్చుంటాడు. బండి వేగం అందుకున్నాక చెయ్యెత్తుతాడు. డ్రైవరు గట్టిగా తొక్కితే, పక్కకు లాగకుండా ట్రాక్ మీది గీత లోపల బండి ఆగాలి.

నేను చెయ్యెత్తాను. గంగారాం తొక్కాడు. కారు గీత దాటిపోయింది. ఎడమకు లాగి, ప్రహరీ పక్కన వరసలో ఉన్న ఆటోల వైపు జారసాగింది. గేరు తగ్గించమని అరుస్తూ హ్యాండ్ బ్రేకు లాగాను. ఆఖరి ఆటోకు బారెడు దూరంలో ఆగింది. గంగారాం చేతులు స్టీరింగ్ మీద నుంచి కదల్లేదు.

దగ్గర్లోని మెకానిక్‌ను పిలిపించి అక్కడే చక్రాలు విప్పించాను. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనింగులు నూనెలో నానిపోయి ఉన్నాయి. పొద్దున ఈ ఊళ్లోనే కంఠేశ్వర్‌లో బంధువుల షెడ్డులో కారు ఆపి, చక్రాలు విప్పి లోపలి బ్రేకులతో సహా చివరిసారిగా అన్నింటికీ నూనె పట్టించానని గంగారాం చెప్పాడు. అక్కడి నుంచి ట్రాఫిక్‌లో నెమ్మదిగా రావడంతో తేడా తెలియలేదు.

"తిరిగేటిదేదైనా నూనె తాగాలె గద సార్," అన్నాడు. "ఫ్యాక్టరీల సీజన్ ముంగట మేం గట్లనే చేస్తుంటిమి. ఒక్క సోటు సుత ఇడువలే."

అతను చెప్పింది నిజమే. సీజను మొదలైతే ఫ్యాక్టరీలో ఏదీ ఆగకూడదు. ఆగనివ్వకపోవడమే అతని ఉద్యోగం. బ్రేకులా ఒరుసుకుని ఆపే వస్తువుతో అక్కడ అతనికి ఎన్నడూ పని పడలేదు.

లింగవ్వ నా దగ్గరికి వచ్చింది. "సారూ, వారం సంది గా కారు కిందనే పండుకున్నడు. జర పాస్ జేయుండ్రి. రేపు పొద్దుగాల దవాఖానకు మేమెట్ల పోవాలె?"

లైనింగులు కడిగితే పనికిరావు, కొత్తవి వేయాల్సిందే. ఆ పాత మోడలువి హైదరాబాద్ నుంచి రావాలి, అంటే రేపటికి కుదరదు. ఆమె ముఖం చూస్తుంటే నాకు కష్టంగానే ఉంది. సంతకం పెట్టి పంపిస్తే ఆ పూటకు ఆమె దండం పెట్టేది కూడా. ఇప్పుడు చూసిందే రేపు మీరు ముగ్గురూ లోపల ఉండగా జరిగితే ఏమిటని మెల్లగా అడిగాను.

ఆమె బదులు చెప్పకముందే గంగారాం అడ్డొచ్చాడు. "వద్దక్కా. సారును రాయనీ. నేను తొక్కిన, ఆగలే. నాకెర్కే."

తిరస్కరణకు కారణం రాసిచ్చాను. మళ్లీ పరీక్షకు వరసలో వెనక్కి వెళ్లకుండా దొరికిన మొదటి పూటే ఇప్పించాను. నా అధికారంలో ఉన్నది అంతవరకే.

కొత్త లైనింగులు వేసుకుని వచ్చిన రోజు కారు అడుగున బోధన్ రోడ్డు దుమ్ము ఉంది. చెయ్యెత్తగానే గీతకు చాలా ముందే, నిటారుగా ఆగింది. సర్టిఫికెట్ ఇస్తూ మొన్న డయాలిసిస్‌కు ఎట్లా వెళ్లారని అడిగాను. ముగ్గురినీ బస్సులో తీసుకొచ్చి, తాను దారంతా నిలబడి, మళ్లీ బస్సులోనే ఇంటికి చేర్చానన్నాడు. అక్క కోపంగా ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు.

"ఏమనలే సార్. బస్సు ఆగినప్పుడల్లా నా దిక్కు సూసింది."

ఆ తర్వాత నేను పరీక్ష వరస మార్చుకున్నాను. ముందు ట్రాక్ మీద బ్రేకు, తర్వాతే మిగతావి. అతిగా ముస్తాబైన బండిని మోసపు బండి అనుకోవడం కూడా మానేశాను. దాని వెనక భయపడే మనిషి ఉండొచ్చు. ఆ భయం ఎవరి గురించో కనుక్కోవడం మంచిదే. సంతకం మాత్రం బండి ఆగాకే పెట్టాలి.