అల్లుడి పేరున ఎత్తిన కప్పు

షేక్ నవ్వాష్ గుడారంలో కాఫీ కాచే దుఘైమ్ జీవితంలో కత్తి పట్టింది ఖర్జూరం బుట్టల కుట్లు విప్పడానికే. కోపమంటే ఎరగడు. గింజలు వేయించేటప్పుడు మాడితే మాత్రం తనను తానే తిట్టుకునేవాడు, అదీ మెల్లిగా, గింజలు నొచ్చుకుంటాయేమో అన్నట్టు.

పిసినారి షేకుల గుడారాల్లో కాఫీ గింజలు దంచే ఇత్తడి రోలు చప్పుడు పక్క గుడారానికి కూడా వినబడదు. వింటే వచ్చి కూర్చుంటారని భయం. దుఘైమ్ దంచితే లోయ అవతల గొర్రెలు కాసేవాళ్లు కూడా లేచి ఇటే నడిచేవారు. వచ్చినవాళ్లలో ఏదైనా కోరి వచ్చినవాడు ఉంటే కప్పు తాగకుండా నేల మీద పెడతాడు. “తాగు, నువ్వడిగింది నీదే” అని షేక్ అనాలి. అప్పుడుగానీ ఆ కప్పు లేవదు. దుఘైమ్ ముప్పయ్యేళ్లుగా అలా కిందికి దిగిన కప్పులెన్నో చూశాడు. అవన్నీ షేక్ ముందు దిగినవే. కాఫీ పోసేవాడి ముందు కప్పు దించేవాడు ఎక్కడుంటాడు?

అతనికి ఒక్కతే కూతురు, తుర్ఫా. కొడుకు లేడు కనుక అందరూ అబూ తుర్ఫా, అంటే తుర్ఫా తండ్రి, అని పిలిచేవారు. ఆటపట్టించడానికి పిలిచినవాళ్లకు కూడా మురిసిపోతూ పలికేవాడు. తల్లి లేని పిల్ల, పొయ్యి పక్కనే పెరిగింది. తూర్పు బావుల దగ్గరి తెగలో పేరు మోసిన రౌతు ముత్లక్ ఒకసారి అతిథిగా వచ్చి, కాఫీవాడి కూతురని చూడకుండా ఆ పిల్లను అడిగి చేసుకున్నాడు. ఆ రోజుల్లో రెండు తెగలూ హాయిల్ పట్టణపు అమీరు పక్షమే. ముత్లక్ వచ్చినప్పుడల్లా మూడో కప్పు తాగి, “మామా, నీ కాఫీ బాగుంది గానీ నీ కూతురి చేతి కాఫీ ముందు దిగదుడుపే” అనేవాడు. ఆ మాట వినడానికే దుఘైమ్ మూడో కప్పు పోసేవాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. మక్కావాళ్లు ఇంగ్లీషు దొరల అండతో తుర్కుల మీద తిరగబడ్డారు, హాయిల్‌వాళ్లు తుర్కులతోనే ఉండిపోయారు, రియాద్‌వాళ్లు ఇద్దరినీ చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఉన్న తెగలన్నీ గోడ మీద పిల్లులయ్యాయి. నవ్వాష్ అందరికంటే ఓపికైన పిల్లి.

ఆ వసంతంలో సముద్రతీరం నుంచి హమ్దాన్ అనే బట్టల వర్తకుడు వచ్చాడు. అతని మూటలో బట్ట తక్కువ, చెవులకు పని ఎక్కువ. తీరంలో దిగిన ఇంగ్లీషు దొరలకు ఎడారి కబుర్లు మోసేది అతనేనని పాలు పితికే ఆడవాళ్లకు కూడా తెలుసు. ఎవరూ తప్పు పట్టలేదు. తుర్కులకు మోసేవాడు అంతకుముందే వచ్చి, ఇదే కంబళి మీద కూర్చుని, ఇదే కాఫీ తాగి వెళ్లాడు.

“ఏం హమ్దాన్, ఈసారి మమ్మల్ని ఎవరి పక్షమని చెప్పబోతున్నావ్?” అన్నాడు షేక్ తమ్ముడు జద్దూ.

“మీరేం చెప్పమంటే అదే. కానీ దొరలు మాటలు నమ్మి విసిగిపోయారు. తుపాకులు సిద్ధంగా ఉన్నాయి షేక్. హాయిల్‌తో తెగతెంపులైనట్టు ఒక్క గుర్తు చూపించండి చాలు.”

“ఏం గుర్తు?”

“తూర్పు బావులు. అక్కడ ముత్లక్ గుర్రమెక్కి తిరుగుతున్నంతకాలం మక్కావాళ్ల ఒంటెలు ఆ దారిన కదలవు. అతను లేకుండా పోవాలి.”

కూజా వంచుతున్న దుఘైమ్ చెయ్యి ఆగింది. తుర్ఫాకు అప్పుడు ఆరో నెల. ఎవరూ అతని వైపు చూడలేదు. చూడకూడదని అందరికీ తెలుసు, అదే ఎక్కువ బాధ. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, హమ్దాన్ మాత్రం కప్పు చాచి “ఇంకొంచెం పొయ్” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దలంతా చేరారు. దాడికి ముందు ఆ తెగలో ఒక ఆచారం ఉంది. ఎదుటివాళ్లలో పేరున్న వీరుడి పేరు చెప్పి షేక్ కప్పు పైకెత్తుతాడు. దాన్ని తాగినవాడిదే ఆ వీరుడి లెక్క. ఇంకెవరూ అతని మీద చెయ్యి వెయ్యకూడదు, అతని గుడారం జోలికి పోకూడదు. తాగినవాడు ఆ వీరుడి తలైనా, గుర్రమైనా తెచ్చి చూపాలి. తేలేకపోతే ఆడవాళ్లు కట్టే ఎగతాళి పాటలు బతికినంతకాలం వినాలి.

“ఇది ముత్లక్ కప్పు. ఎవరు తాగుతారు?” అన్నాడు నవ్వాష్. దుఘైమ్ పోసిన కప్పే.

జద్దూ ముందుకు వంగాడు. అతను తాగితే ఏం తెస్తాడో దుఘైమ్‌కు తెలుసు. కూజా కింద పెట్టాడు. ముప్పయ్యేళ్లలో మొదటిసారి పిలవకుండా నడి గుడారంలోకి నడిచి, షేక్ చేతిలోంచి కప్పు తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

గుడారమంతా గొల్లున నవ్వింది.

“ఏం చేస్తావ్ అబూ తుర్ఫా, రోకలితో కొడతావా?”

“ఎదురుగా నిలబడి యాలకుల పొడి కళ్లల్లో కొడతాడ్రా!”

“అల్లుడికి మర్యాద చెయ్యడానికి వెళ్తున్నాడు పాపం, పోనివ్వండి.”

దుఘైమ్ ఖాళీ కప్పు బోర్లించి చూపించాడు. “తాగేశాను షేక్. ఆచారం అందరికీ ఒకటే కదా” అన్నాడు.

నవ్వాష్ నవ్వలేదు. “ఒకటే. ముత్లక్ నీ లెక్క. వెళ్లు. ఉత్త చేతులతో మాత్రం రాకు, నిన్ను నేను కూడా కాపాడలేను” అన్నాడు.

ముసలి ఒంటె మీద, కాఫీ సరంజామా వేసుకుని వెళ్లాడు. తూర్పు బావుల దగ్గర ముత్లక్ ఎదురొచ్చి నుదుట ముద్దు పెట్టుకున్నాడు. తెర వెనుక నుంచి తుర్ఫా గొంతు “నాన్నా!” అని ఎగిరింది. ఆ ఒక్క పిలుపుతో ముసలాయన దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయాడు. ముత్లక్ స్వయంగా కాఫీ పోశాడు. దుఘైమ్ కప్పు నేల మీద పెట్టాడు.

“ఇదేంటి మామా? మన మధ్య ఇదేంటి?”

“అక్కడ నీ కప్పు తాగి వచ్చాను నాయనా.”

ముత్లక్ మొదట నవ్వాడు. మామ ముఖం చూసి ఆపేశాడు. “అయితే ఏం కావాలి?”

“నీ గుర్రం.”

ముత్లక్ తల బయట కట్టిన గుర్రం వైపు తిరిగింది. ఆ ఆడగుర్రం పేరు హమామా. తల్లి చచ్చిపోతే తుర్ఫా ఒంటె పాలు పట్టి బతికించిన పిల్ల. రాత్రిళ్లు గుడారంలో తల పెట్టి పడుకునేది.

“నాన్నా, ఇంకేదైనా అడగరాదా?” అంది తుర్ఫా తెర వెనుక నుంచి.

“ఇంకేది పట్టుకెళ్లినా వాళ్లు ఒప్పుకోరు తల్లీ.”

“గుర్రం లేకపోతే రేపు నేనేం చెయ్యను? మావాళ్లు దాడికెళ్తుంటే ఆడవాళ్లతో కూర్చోనా?” అన్నాడు ముత్లక్. “ఇంతకంటే నా తల అడగొచ్చు కదా మామా!”

“అది అడగడానికి వేరేవాళ్లున్నారు. నేను నీ ప్రాణం దక్కాలని అడుగుతున్నా” అన్నాడు దుఘైమ్, ఏడుస్తూ.

కాఫీ చల్లారుతోంది. గుడారంలోని పెద్దలు నేల చూపులు చూస్తున్నారు. కోరినవాడి కప్పు తాగకుండా మిగిలితే ఆ ఇంటి పరువు పోయినట్టే. చివరికి ముత్లక్ ఎవరి వైపూ చూడకుండా “తాగు. నువ్వడిగింది నీదే” అన్నాడు. ఆ తర్వాత మామతో ఒక్క మాట మాట్లాడలేదు.

కాఫీవాడు గుర్రాన్ని నడిపించుకుంటూ రావడం చూసి తెగంతా నోరెళ్లబెట్టింది. హమ్దాన్ తీరానికి పోయి, ముత్లక్ పని అయిపోయిందని, నవ్వాష్ ఇక మక్కా మనిషేనని చెప్పాడు. తుపాకులు వచ్చాయి. తూర్పు బావుల దగ్గర పోరు జరిగింది. ముత్లక్ పినతండ్రి కొడుకులు నలుగురు ఆ రోజు ఇసుకలో పడిపోయారు. ముత్లక్ గుర్రం లేక గుడారంలో ఉండిపోయాడు. ఆచారం ప్రకారం ఆ గుడారం తాడు కూడా ఎవరూ ముట్టలేదు.

బతికించినందుకు అతను మామను క్షమించలేకపోయాడు. తుర్ఫాకు ఆడపిల్ల పుట్టిందన్న కబురు కూడా దారిన పోయే ఉప్పు వర్తకుడి నోట తెలిసింది. దుఘైమ్ హమామాను ఒక్కసారీ ఎక్కలేదు. తన వంతు ఖర్జూరాలు దానికి పెట్టి, ఎవరూ లేనప్పుడు దాని మెడకు తల ఆనించి నిలబడేవాడు. కూతురి చేతిలో పెరిగిన ప్రాణి అదొక్కటే అతని దగ్గర మిగిలింది.

యుద్ధం ముగిసింది. తీరంలోని దొరలు ఓడలెక్కారు. హాయిల్ చితికింది, మక్కా మాట తప్పింది, నవ్వాష్ గోడ దిగి రియాద్ వైపు దూకాడు. తూర్పు బావులవాళ్లూ అటే దూకారు. ఎవరి కోసం ఎవరు చచ్చారో అడిగేవాడు లేడు. సంధి మాట్లాడడానికి వచ్చినవాళ్లలో ముత్లక్ ఉన్నాడు.

వస్తూనే అతని కళ్లు గుడారం వెనుక కట్టేసిన హమామా మీద పడ్డాయి. అందరూ చూశారు. దుఘైమ్ కూజా రెండు చేతులతో పట్టుకుని పోశాడు, లేకపోతే ఒలికేది. ముత్లక్ కప్పు అందుకుని నేల మీద పెట్టాడు.

“గుర్రం కోసమే” అని గొణిగాడు జద్దూ.

“అడుగు, కాదనను” అన్నాడు నవ్వాష్.

“మీ ముందు కాదు షేక్, దించింది. కాచినాయన ముందు.”

దుఘైమ్ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనుక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“నా కూతురు తాత ఏడని అడుగుతోంది మామా” అన్నాడు ముత్లక్. “ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. మా గుడారానికి రా. ఈసారి నేను పోస్తాను, నువ్వు కూర్చో.”

“గుర్రం?” అన్నాడు దుఘైమ్ అయోమయంగా.

“దాన్నీ తీసుకురా. తుర్ఫా ముందు దాన్నే కావలించుకుంటుంది, నువ్వు ఏమీ అనుకోకు.”

ఎవరో నవ్వారు. దుఘైమ్‌కు కళ్లు కనబడడం లేదు. ఇన్నేళ్లూ ఇతరుల నోట విన్న మాట తన నోట ఎలా పలకాలో అతనికి తోచలేదు.

“తాగు నాయనా, చల్లారిపోతుంది” అన్నాడు ముందు. అది చాలదని అప్పుడు గుర్తొచ్చింది. కూజా కింద పెట్టి, తలపాగా సరిచేసుకుని, నిటారుగా నిలబడ్డాడు.

“తాగు. నువ్వడిగింది నీదే.”