పాట అయ్యాక ఒక దెబ్బ

మా బాబాయి సోఫాలకు తోలు వేస్తాడు. కుర్రతనంలో మరో ముగ్గురితో కలిసి ‘వానచుక్కలు’ అనే బ్యాండు పెట్టి పెళ్ళిళ్ళలో డ్రమ్ము వాయించేవాడు. బ్యాండు ఎప్పుడో చెదిరిపోయింది గానీ, బోర్డు మాత్రం ఫోన్ నంబరుతో సహా కొట్టు గుమ్మం మీదే ఉంది. ఇప్పుడు టీవీ నిండా అదే పేరుతో వేరే కుర్రాళ్ళు. బోర్డు ఫొటో ఎవరో ఇంటర్నెట్లో పెట్టారు, ఇక టిక్కెట్ల కోసం ఈయనకు రోజంతా ఫోన్లే.

“ఆ బోర్డు పీకి పారేయరాదూ?” అంటుంది పిన్ని.

“ముందు పెట్టుకుంది మేము. వాళ్ళనే తీసేయమను.”

నిన్న మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. బాబాయి చేతులకు జిగురుందని నేనే స్పీకరు పెట్టాను.

“టీవీలో వాళ్ళం మేం కాదమ్మా,” అన్నాడు అలవాటుగా.

“తెలుసు బాబూ. పాట అయ్యాక ఒక దెబ్బ ఎక్కువ కొట్టేది మీరేనా?”

బాబాయి తల గోక్కోబోయి, జిగురు గుర్తొచ్చి ఆగాడు. ఆ తప్పుకి మిగతా ముగ్గురూ ఆయన్ని పదకొండేళ్ళు తిట్టిపోశారు.

“మా పెళ్ళికి మీరే వాయించారు. మా ఆయనకి ఇప్పుడు నేనెవరో కూడా గుర్తుండట్లేదు. టీవీలో వాళ్ళ పాట అవగానే మాత్రం ‘ఇంకో దెబ్బ ఏదీ?’ అని అడుగుతున్నారు.”

డ్రమ్ము ఏనాడో పోయింది. బాబాయి చేతులు తుడుచుకుని, బిగించిన సోఫా తోలు మీద అరచేతులతో పాట మొత్తం వాయించి ఆపాడు. పిన్ని కుట్టుమిషను ఆపింది. అప్పుడు పడింది ఆ ఎక్కువ దెబ్బ.

“హమ్మయ్య, అయింది,” అన్నాడు ఫోన్లో ఒక ముసలాయన. “పద మరి. భోజనాల దగ్గర మన కోసం చూస్తుంటారు.”