ఎవాజియో వరుస

ఆకు రాలే కాలంలో మా కొండంతా పసుపు తిరుగుతుంది. నెబ్బియోలో ద్రాక్ష ఆకు రంగది. డెల్ఫీనా తోటలో మాత్రం నడిమి వరుస ఒక్కటి ఎర్రగా మండేది. అది బార్బెరా ద్రాక్ష. ఆమె తమ్ముడు ఎవాజియో యుద్ధానికి పోయే ముందు తన చేత్తో అంటుకట్టిన వరుస. వాడు రష్యా మంచులో పోయాడు. శవం రాలేదు, సమాధి లేదు. చనిపోయినవాళ్ళ పండుగకు ఊరంతా చామంతులతో శ్మశానానికి వెళితే, ఈవిడ ఆ వరుస మొదట్లో పెట్టి వచ్చేది. పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ తోటా, ఇంకో తమ్ముడి కొడుకు లివియో కుటుంబమూ, అంతే ఆమె లోకం. నోరు మాత్రం మహా కారం.

తర్వాత మా వైన్‌కు ప్రభుత్వం కొండ పేరు కట్టబెట్టింది. సీసా మీద ఆ పేరు ఉండాలంటే తోటలో నెబ్బియోలో తప్ప మరో తీగ ఉండకూడదట. పేరు లేని పంటను వ్యాపారులు కన్నెత్తి చూడరు. ఎవడు రాశాడో గానీ ఆ నియమం, వాడికి చచ్చిపోయిన తమ్ముళ్ళు లేరు.

"రోడ్డు మీంచే కనబడుతోందమ్మా, చూడనట్టు ఎలా ఊరుకోను?" అన్నాడు తనిఖీకి వచ్చిన అధికారి. "ఈ వరుస మార్చకపోతే తోట మొత్తానికి పేరు పోతుంది."

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి నాయనా. ఓసారి రష్యా వైపు కూడా చూడకపోయారా" అంది డెల్ఫీనా.

లివియో బతిమాలాడు. "వేరు పీకం కదత్తా. పైన కోసేసి నెబ్బియోలో అంటు కడతాం. బాబాయి వేరు అట్టాగే ఉంటది."

"వేరు మీ బాబాయిది కాదురా, అమెరికాది. వాడి చెయ్యి పడింది పైనే."

నిజమే. వెనకటి రోజుల్లో పురుగు వేర్లు తినేసిన నాటి నుంచీ మా తీగలన్నీ ఆ పురుగుకు లొంగని అమెరికా మొదళ్ళ మీదే బతుకుతున్నాయి.

లివియో పిల్లల మొహం చూసి చివరికి ఒప్పుకుంది. ఒక్కటే అడిగింది. ఊళ్ళో అంట్లు కట్టేది నేను కాబట్టి, వంటింటి గుమ్మం పక్కన ఓ నాలుగు మొక్కలకు ఎవాజియో కొమ్మలు కట్టమంది. చలికాలంలో తనే కొమ్మలు కోసి, కట్ట కట్టి, నేలమాళిగలో తడి ఇసుకలో పాతింది. అప్పటికే చూపు మసక. అయినా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ వరుసను మేం మొదళ్ళ దాకా కోసి, పుల్ల మిగలకుండా అధికారి ముందే తగలబెట్టాం.

చిగురు కాలం రాగానే కత్తి పట్టుకుని వెళ్ళాను. మాళిగలో ఇసుక గుంటలు పడి ఉంది, కొమ్మలు లేవు. పక్కనే పొయ్యిలోకి పేర్చుకున్న ఎండు ద్రాక్షపుల్లల కట్టలు. అందరిళ్ళలోనూ ఉండేవే.

"కొమ్మలేవక్కా?"

డెల్ఫీనా కిందికి దిగింది. వంగి ఇసుకంతా తడిమింది. చాలాసేపు లేవలేదు.

"మంచు పడ్డ రోజు ఈ చీకట్లో చేతికందిన కట్ట లాక్కుపోయా, పొయ్యి ఓ పట్టాన అంటుకోలేదు" అంది. "ఈ కట్టేంటి ఇంత తడిగా ఏడ్చిందని తిట్టుకున్నాను కూడా. దాని మీదే మొక్కజొన్న సంకటి ఉడికించా. పిల్లలు కడుపునిండా తిన్నారు."

నేను ఇసుకలో మరోసారి చెయ్యి పెట్టి వెతికాను.

"వాడు చలికి చచ్చిపోయాడు తమ్ముడూ. నేను వాడితో చలి కాచుకున్నా."

కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె ఇసుక మీదే కూర్చుండిపోయింది.